పరీక్షనాటి నాచు చారు

చిరంజీవి తమ్ముడు తేసిక్‌కు,

పెద్దక్క దీవెనలు. బుద్ధుడి చలవ వల్ల నేనూ, నీ కూతురు హేవొనూ ఇక్కడ కులాసా. నీ ఓడ లాస్ పాల్మాస్ రేవుకు వచ్చేసరికి ఈ ఉత్తరం అందుతుందని తలుస్తాను.

నా మోకాళ్ల సంగతి అడిగావు. గుడిలో సాగిలపడేటప్పుడు మాట వింటాయి, లేచేటప్పుడే వినవు. చలి ముదరకముందే కిమ్చీ ఊరగాయ జాడీలకెత్తాం.

ఇక నీ అసలు ప్రశ్న. హేవొన్ ప్రవేశ పరీక్ష బాగానే రాసింది. మన దగ్గరి జింజులో పశువైద్యం సీటు ఖాయమంటున్నారు మాస్టారు. సియోల్ సంగతి అడిగితే, "గట్టి పోటీ అమ్మా. కానీ నా కూతురైతే దరఖాస్తు పెట్టిస్తాను" అన్నారు. సీటొచ్చినా తల్లి లేని పిల్ల, అంత పెద్ద ఊళ్లో ఒక్కతే ఎలా ఉంటుంది, జింజు చాలు అని రాశావు. మొన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను.

నీకు రాయకూడదనుకున్న మాట ఒకటుంది. ఈసారి పరీక్ష దాని పుట్టినరోజునే వచ్చింది. సముద్రపు నాచు తింటే చదివింది జారిపోతుందని పొట్లం అటకెక్కించాను. ఏటా పుట్టినరోజుకి తాగే ఆ చారు సాయంత్రం కాద్దామనుకున్నాను. తెల్లవారుజాము ప్రార్థన ముగించి వచ్చి చూస్తే, పొయ్యి మీద నాచు చారు ఉడుకుతోంది.

"ఇవాళా పిల్లా?" అన్నాను.

"నన్ను కన్నాక అమ్మ తాగింది ఇదే కదా అత్తా. అమ్మని సాయంత్రం దాకా ఆగమంటానా?"

అంతలో చదివింది అంటుకుపోవాలని పరీక్షకు పెట్టే జిగురు మిఠాయి పట్టుకొని పక్కింటావిడ వచ్చింది. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, "వదినా, పిల్లని పరీక్షకి పంపుతున్నావా, జారుడుబండ ఎక్కిస్తున్నావా?" అంది.

"చారు జారిస్తే మీ మిఠాయి పట్టుకుంటుందిలే పిన్నీ" అని నవ్వి, రెండూ తిని వెళ్లింది నీ కూతురు.

నేనూ ఒక గిన్నె తాగాను, తమ్ముడూ.

ఊరంతా భయపడే రోజున తనకేం కావాలో దానికి తెలిసింది. సీటు సంగతి బుద్ధుడికి వదిలాను. ఒక్కతే ఉండగలదా అంటే మాత్రం ఉండగలదు, నేను చూశాను.

నువ్వు వద్దన్నావని హేవొన్ సియోల్ దరఖాస్తు ముట్టుకోవడం లేదు. గడువు ఇంకా ఉంది. రేవులో దిగగానే ఫోన్ చెయ్యి. పెట్టమన్న మాట నీ నోటి నుంచే వినాలని కూర్చుంది.

మిగిలిన నాచు మళ్లీ అటకెక్కించలేదు. దాని ప్రయాణపు పెట్టెలో అడుగున సర్దాను.

ఇట్లు,
రోజూ నీ పేరున దీపం పెట్టే
పెద్దక్క