ఏడో చిలక

వార్డు అధికారి గారి సముఖానికి,

అయ్యా,

విషయం: మా మేడగదిని వారంలోగా ఖాళీ చేయించాలని తాము పంపిన నోటీసును రద్దు చేయుట, ఫిర్యాదుదారుని పిలిపించి విచారించుట గురించి.

సదరు నోటీసు అందుకున్న ఇంటి యజమానురాలిని నేనే. గృహిణిని. విన్నవించుకునేదేమనగా:

1. ఆ గదిలో పద్నాలుగు నెలలుగా అద్దెకుంటున్న అమ్మాయి కంప్యూటరు కెమెరా ముందు కూర్చుని, చందా కట్టి చేరినవాళ్లకు తనను తాను చూపిస్తుంది. వయసు ముప్పై రెండు. గది అడిగిన రోజునే ఈ సంగతి చెప్పింది. ఇంతకుముందు నాలుగిళ్లు ఖాళీ చేయించారట, ఇది ఐదోది. ఆమె కోసం మగవాళ్లెవరూ మెట్లెక్కరు. ఎక్కిన ప్రతివారినీ నేను పుస్తకంలో రాస్తాను. ప్లంబరు, గ్యాసు బండ తెచ్చినతను, వాళ్లమ్మ. అంతే. నకలు జతపరిచాను.

2. మా కాలనీ సంఘం అధ్యక్షులవారు తమకిచ్చిన ఫిర్యాదులో నా ఇంటిని వ్యభిచార గృహమన్నారు. అంతకుముందే కూరగాయల బండి దగ్గర, పదిమందిలో, "ఏమ్మా, మేడమీద బేరాలు ఎలా ఉన్నాయి?" అని నన్ను అడిగారు. మావారు సంచి అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశారు. మళ్లీ వీధిలోకి వెళ్లలేదు. ఇది నేను మరిచిపోయే విషయం కాదు.

3. నోటీసుతో పంపిన ఫిర్యాదు నకలు చదివాను. రెండో పేరాలో, "గోడకు నీలిరంగు, దానిపై ఏడు చిలకలు, చూచువారికి దుర్బుద్ధి పుట్టునట్లు" అని ఉంది. అది తెల్లసున్నం గోడ, చెమ్మపట్టింది. నీలంగా ఉన్నది తెర. అమ్మాయి కెమెరా పెట్టేముందు కట్టి, అవగానే మడిచి పెట్టెలో పెడుతుంది. చిలకలు నేనే కుట్టాను. అధ్యక్షులవారు మా మెట్లు ఒక్కసారీ ఎక్కలేదు.

4. చందాదారులందరికీ కనబడేవి ఆరు చిలకలే. ఏడోది మంచం వెనక ఉంటుంది. అది కనబడాలంటే విడిగా అడిగి కెమెరా తిప్పించుకోవాలి.

కనుక వారిని సతీసమేతంగా కార్యాలయానికి పిలిపించి, రెండో పేరా వారిచేతనే పైకి చదివించి, చిలకలను ఎక్కణ్ణుంచి లెక్కపెట్టారో అడగవలెను. నాకు కుర్చీ అక్కర్లేదు, నిలబడే వింటాను.

ఈ మనవి తమ చిత్తానికి ఎక్కుతుందని నమ్ముతూ,

గది ఖాళీ చేయించడం ఒక్కటి తప్ప, అన్నింటా తమ విధేయురాలు,
మేడగది యజమానురాలు

తా.క.: ఉండబట్టలేక ఈ ఉదయం వారి గేటు దగ్గర ఆగి, "అన్నయ్యగారూ, ఏడో చిలక నచ్చిందా?" అన్నాను. గంటలో మా గుమ్మంలో ఉన్నారు. "చెల్లెమ్మా, పొరపాటైపోయింది. రేపు పదింటికెళ్లి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటా. మా ఆవిడకి మాత్రం తెలియనివ్వకు" అన్నారు. అమ్మాయి, "గది దక్కింది కదా పిన్నిగారూ, వదిలేద్దురూ" అంటోంది. దానిది మంచి మనసు. నేను తొమ్మిదిన్నరకే మీ గుమ్మంలో ఉంటాను. ఆ కాయితం ఆయనకి వెనక్కివ్వకండి బాబూ.