ఎవరి దస్తూరి

ఫిబ్రవరి 3, సోమవారం

ఒప్పుకున్నాను. అక్క పోరు పడలేక ఒప్పుకున్నాను. నాలుగు హాళ్లు, నాలుగు ప్రసంగాలు, ఒక విదేశీ వక్త. ఆయన భాషలో ఆయన చెబుతుంటే పక్కనే నిలబడి మన భాషలో నేను చెప్పాలి. పోస్టర్ నిండా నక్షత్రాలు. వాటి ముందు చేతులు కట్టుకుని ఆయన. ఆయన వెనక ముసుగేసుకున్న సినిమా హీరో నీడ. దేవుడున్నాడని సైన్స్‌తోనూ సినిమాలతోనూ రుజువు చేస్తాడట. ఇన్నాళ్లూ ఆ రుజువు లేకుండా దేవుడు ఎలా నెట్టుకొచ్చాడో పాపం.

నేను కోర్టులో అనువాదకుణ్ణి. ఇరవై రెండేళ్లుగా దొంగల మాటలూ సాక్షుల మాటలూ ఉన్నవి ఉన్నట్టు దాటిస్తున్నాను. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క మింగలేదు. నాకున్న మంచి గుణం అదొక్కటే.

చర్చి గడప తొక్కడం ఇరవయ్యో ఏట మానేశాను. అక్క మానలేదు. ఈ సభల కమిటీలో ఉంది, కుర్చీలు వేయించడం దగ్గర్నుంచి మైకుల దాకా తనదే పూచీ. ఆవిడ ఇంట్లో మేడ మీద గదిలో ఉంటూ ఆవిడ మాట కాదంటే బాగుండదు. బావ ఉద్యోగం ఓడ మీద, ఏడాదికి రెండుసార్లు కనిపిస్తాడు. ఇంట్లో మేమిద్దరమే. ఇదివరకు ముగ్గురం.

అక్కకు తను పనిచేసే హాస్పిటల్ ల్యాబ్ నుంచి మళ్లీ ఉత్తరం వచ్చింది. మార్చి ఒకటిలోగా మైక్రోస్కోప్ బల్ల దగ్గరికి తిరిగి వస్తానని సంతకం పెడితే సరే, లేకపోతే శాశ్వతంగా రికార్డుల గదికి పంపేస్తారట. ఫ్రిజ్ మీద మాగ్నెట్ పెట్టి అంటించింది. రోజూ చూస్తుంది.

ఫిబ్రవరి 5, బుధవారం

వక్తగారి బొమ్మలు ముందుగా పంపారు, నలభై ఒకటి. తెర మీద వేసి చూపిస్తాడు. చూస్తూ కూర్చున్నాను. మొహం మొత్తింది.

తొమ్మిదో బొమ్మ వీడియో గేమ్. గేమ్ ఉంటే దాన్ని రాసిన డెవలపర్ ఉండడా అని ప్రశ్న. పద్నాలుగోది సినిమా హీరో చచ్చి లేచే సీను. ప్రతి హీరో కథా మన బైబిల్ కథ నుంచే కొట్టేశారని వాదన. కొట్టేసినవాళ్ల సినిమా ఆడితే మన కథ నిజమవుతుందట. ఇదేం లెక్కో.

ఇరవై మూడో బొమ్మ జీవకణం. నీలం, ఊదా, బంగారు రంగులు. కింద ఒక వాక్యం: ప్రతి కణం మీదా సృష్టికర్త దస్తూరి ఉంది. ఇక్కడ పది సెకన్లు ఆగాలని పక్కన నోట్. అక్కకు చూపించాను. కణానికి ఆ రంగులేవీ ఉండవురా, రంగు మనమే వేస్తాం, లేకపోతే ఏమీ కనిపించదు అంది. నేను నవ్వాను. తను నవ్వలేదు. చాలాసేపు చూసింది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మొదటి హాల్. ఆయనకు నేను పెట్టిన పేరు రిమోట్. బొమ్మలు మార్చే రిమోట్ చేతిలోంచి దిగదు. ప్రతి పాయింట్‌కీ దాన్ని జనం మీదికి గురిపెడతాడు, నొక్కితే వాళ్లు మారిపోతారన్నట్టు. పేరు ముందు డాక్టర్ అని ఉంది. దేనిలో డాక్టరేట్ అని టీ తాగుతూ అడిగాను. మేనేజ్‌మెంట్‌లోనట. విశ్వం పుట్టుక గురించి గంటంపావు చెప్పాడు.

కార్యదర్శి ఒకడున్నాడు. ఎండైనా వానైనా కోటు తీయడు, అందుకే నా లెక్కలో అతను కోటు. సభకు ముందు నాకు పాఠం చెప్పాడు. రిమోట్ చేయి ఎత్తితే నేనూ ఎత్తాలట, గొంతు తగ్గిస్తే నేనూ తగ్గించాలట. కోర్టులో దొంగ ఏడిస్తే నేను ఏడవను బాబూ అన్నాను. ఇది కోర్టు కాదండీ అన్నాడు. చేయి ఎత్తాను. ఎత్తిన ప్రతిసారీ నా మీద నాకే ఒళ్లు మండింది.

జోకులు మాత్రం దాటవు. గేమ్ మీద ఆయన చెప్పిన జోక్‌ను ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్కడూ నవ్వలేదు. ఆయన నా వంక చూశాడు, తప్పు నాదన్నట్టు.

ఫిబ్రవరి 8, శనివారం

గొంతు పోయింది. ఆయన అబద్ధాలకు నా గొంతు పోవడమేమిటి.

ఫిబ్రవరి 11, మంగళవారం

రెండో హాల్. ప్రశ్నల వేళ ఒక ఫిజిక్స్ లెక్చరర్ లేచాడు. ప్రశ్న ఆరు నిమిషాలు. అందులో ప్రశ్న ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు. తను చదివిన పుస్తకాల డప్పు కొట్టుకుని, పక్కన కూర్చున్న స్టూడెంట్ల వంక ఓసారి చూసుకుని కూర్చున్నాడు. రిమోట్ ఏడు నిమిషాలు జవాబిచ్చాడు. అందులోనూ జవాబు లేదు. ఇద్దరికీ చప్పట్లు. ఇద్దరూ గెలిచామనే ఇంటికెళ్లారు. దేవుణ్ణి నమ్మేవాడికీ నమ్మనివాడికీ మైక్ ఇస్తే ఒకటే జబ్బు.

ప్రసంగంలో వాక్యం వెంట వాక్యం చెప్పాలి. ప్రశ్నల వేళ మాత్రం ఆయన మొత్తం ముగించాక నేను మొత్తం చెప్పాలి. పదమూడు నిమిషాల చెత్త జ్ఞాపకం పెట్టుకుని పొల్లు పోకుండా దాటించాను. ఎవరికీ పట్టలేదు, అది వేరే సంగతి.

ఫిబ్రవరి 12, బుధవారం. పొద్దున్న 7

టీ దగ్గర అక్క అడిగింది, ప్రశ్నలు ఎవరైనా అడగొచ్చా, చదువుకున్నవాళ్లేనా అని. ఎవరైనా అడగొచ్చన్నాను. ఏం అడుగుతావని నేను అడగలేదు. అడగాల్సింది.

ఇక్కడైనా రాసుకోవాలి. మేనకోడలికి పదిహేడేళ్లు. రెండేళ్ల కిందట జ్వరం వచ్చి తగ్గలేదు. రక్తం అక్క ల్యాబ్‌కే వెళ్లింది. గాజు స్లైడ్ మీద ఆ రక్తపు చుక్కను మైక్రోస్కోప్‌లో మొదట చూసింది అక్కే. బ్లడ్ క్యాన్సర్. పదకొండు వారాలు. ఆ తర్వాత అక్క మైక్రోస్కోప్ ముందు కూర్చోలేదు. కౌంటర్‌లో కూర్చుని ట్యూబుల మీద లేబుళ్లు అంటిస్తోంది. ఇరవై ఏడేళ్ల సర్వీసు, కుర్రవాళ్లకు పని నేర్పిన మనిషి, లేబుళ్లు అంటిస్తోంది.

ఈ రెండేళ్లలో నేను అక్కతో ఆ పిల్ల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఏం మాట్లాడను. నీ దేవుడేం చేస్తున్నాడని అడిగితే దెబ్బలాట, ఆయన చిత్తం అంటే నాలుక తెగిపడాలి. నోరు మూసుకుని మేడ మెట్లెక్కి వచ్చేస్తున్నాను. అనువాదకుణ్ణి కదా, ఎవరైనా ఏదైనా అంటే తప్ప నాకు మాట రాదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం. సాయంత్రం 5

వరసగా రాస్తాను.

మూడో హాల్. మధ్యాహ్నం సభ. నాలుగు వందల కుర్చీలు, అన్నీ అక్క వేయించినవే. రిమోట్ మంచి ఊపు మీదున్నాడు. ఇరవై మూడో బొమ్మ వేసి, దస్తూరి మాట చెప్పి, పది సెకన్లు ఆగాడు. నేనూ ఆగాను. ఎవరో ఆమెన్ అన్నారు.

ప్రశ్నల వేళ మొదటి వరసలోంచి అక్క లేచింది. చేతిలో ల్యాబ్ ఫారం, దాని వెనక రాసుకొచ్చింది. మైక్ పట్టుకోవడం రాక గెడ్డానికి ఆనించుకుంది. నేను ల్యాబ్‌లో పనిచేస్తానండి అంది. నా కూతురి రక్తం నేనే చూశానండి, ఆ కణాలన్నీ పాడైపోయి ఉన్నాయండి, ప్రతి కణం మీదా ఆయన దస్తూరి ఉందన్నారు కదా, మరి అది ఎవరి దస్తూరండి అని అడిగింది. ఎదిరించడానికి అడగలేదు. దారి అడిగినట్టు అడిగింది. కాగితం మడిచి, నిలబడే ఉంది.

నేను ఆయన భాషలో చెప్పాను. గొంతు సరిగ్గానే ఉంది, అది నాకు ఇరవై రెండేళ్ల అలవాటు. ఆవిడ నా అక్క అని ఆయనకు చెప్పలేదు.

రిమోట్ తల ఊపాడు. నొచ్చుకున్న మొహం పెట్టాడు, అదీ నోట్‌లో ఉండే ఉంటుంది. మొదలుపెట్టాడు. వేడి వస్తువు చల్లారిపోవడమే ప్రకృతి నియమమట, పాడవడమూ అందులో భాగమట. మనిషికి స్వేచ్ఛ ఇచ్చినందుకు అదొక మూల్యమట. సినిమాలో హీరో అన్నీ పోగొట్టుకోకపోతే క్లైమాక్స్ ఉండదట. చివర్న చిరునవ్వు నవ్వి, గేమ్‌లో కష్టమైన లెవెల్ లేకపోతే ఆటకు విలువేముంది, మీ కూతురు తన లెవెల్ పూర్తిచేసింది అన్నాడు. నాలుగు నిమిషాలు. రిమోట్ నా వైపు తిప్పాడు, నీ వంతు అన్నట్టు.

లెవెల్.

అక్క నా వంక చూస్తోంది. ఆయన వంక కాదు. అన్నీ నాకు గుర్తున్నాయి, ఒక్క ముక్క పోలేదు. నోరు తెరిచాను.

తెలియదు అంటున్నారమ్మా, అన్నాను.

అంతే. ఇంకేమీ కలపలేదు. హాల్లో కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు. వెనక వరసలో ఎవరో ముసలాయన కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. అక్క తల ఊపి, మైక్ పక్కవాళ్లకిచ్చి కూర్చుంది.

రిమోట్‌కు ఏమీ అర్థం కాలేదు. చప్పట్లు రావాల్సిన చోట రాలేదు. కానీ సభ అయ్యాక జనం క్యూ కట్టారు. ఆయన చేతులు రెండూ పట్టుకుని ఏడ్చారు. ఏమంటున్నారని నన్ను అడిగాడు. థాంక్స్ చెబుతున్నారన్నాను. అది మాత్రం సరైన అనువాదమే.

ఫిబ్రవరి 15, శనివారం

కోటు నుంచి తొమ్మిది ఫోన్లు. ఎత్తలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం. మధ్యాహ్నం 2

గెస్ట్‌హౌస్‌కు పిలిపించారు. కోటు రికార్డింగ్ విన్నాడట. నాలుగు నిమిషాల జవాబును ఒక్క ముక్కలో తేల్చేశానని ఎగిరాడు. ఇది మోసం అన్నాడు. నిజమే, మోసమే. కోర్టులో అయితే నా ఉద్యోగం ఊడేది. నీళ్లు నమలకుండా ఒప్పుకున్నాను. వేరే మనిషిని పెట్టుకోండి, చేతులు ఎత్తడానికి కుర్రాళ్లు చాలామంది దొరుకుతారన్నాను.

రిమోట్ అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కోపం లేదు. నిమ్మకు నీరెత్తినట్టున్నాడు. తిడతాడేమో, సిగ్గుపడతాడేమో అనుకున్నాను. ఆవిడ ఎవరని అడుగుతాడేమో అనుకున్నాను. ఆయన అడిగింది ఒకటే. నువ్వు ఆ మాట అన్నాక హాల్ ఎన్ని సెకన్లు నిశ్శబ్దంగా ఉంది.

ఆ తర్వాత ఆ మాట మన భాషలో నేర్పమన్నాడు. తె-లి-య-దు. మూడుసార్లు పలికించాను. డైరీలో ఆయన లిపిలో రాసుకున్నాడు.

నువ్వెప్పుడైనా మైక్రోస్కోప్‌లో చూశావా అని అడిగాను. లేదట. ఇరవై మూడో బొమ్మ నెట్‌లోదట.

ఫిబ్రవరి 21, శుక్రవారం

నాలుగో హాల్. ఎందుకు వెళ్లానంటే చూడాలని. నా నిర్వాకం ఎక్కడిదాకా పోయిందో చూడాలని.

ప్రశ్నల వేళ ఒక రిటైర్డ్ టీచరమ్మ లేచి ఏదో నొప్పి గురించి, చాలా మామూలు ప్రశ్న అడిగింది. జవాబు ఆయన దగ్గర ఉంది, ముప్పై ఒకటో బొమ్మలోనే ఉంది. చెప్పలేదు. రిమోట్‌ను బల్ల మీద పెట్టాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి పెట్టాడు. తల వంచాడు. ఎత్తాడు. మన భాషలో, ముద్దుముద్దుగా, తెలియదు అన్నాడు.

జనం కరిగిపోయారు. ముందు వరసలో ఇద్దరు భోరుమన్నారు. నేను లోపల లెక్కపెట్టాను, పదకొండు సెకన్లు. పన్నెండో సెకనుకు రిమోట్ అందుకుని నొక్కాడు. తెర మీద ఇరవై మూడో బొమ్మ. నీలం, ఊదా, బంగారు.

నా జన్మలో నేను కలిపిన ఒకే ఒక్క మాటకు ఈ గతి పట్టింది. థూ. వచ్చే నెల ఇంకో దేశం వెళతాడట. అక్కడి భాషలోనూ నేర్చుకుంటాడు.

ఫిబ్రవరి 22, శనివారం

అక్కకు చెప్పేద్దామని కిందికి దిగాను. ఆ రోజు ఆయన అన్నది అది కాదక్కా అని మొదలుపెట్టాను. బట్టలు మడతపెడుతోంది, ఆపలేదు.

తెలుసురా అంది. ల్యాబ్ రిపోర్టులు రాసేది ఆయన భాషలోనే కదా అంది. చదవడమే వచ్చనుకున్నాను, విని అర్థం చేసుకుంటుందనుకోలేదు. అక్కడే పప్పులో కాలేశాను. అయినా నాలుగు నిమిషాలు మాట్లాడినవాడు తెలియదని మాత్రమే అని ఉంటాడా, అంత అమాయకురాలినా, లెవెల్ అన్న ముక్క అర్థం కావడానికి చదువు కావాలా అంది.

మరి ఎందుకు తల ఊపావు అన్నాను.

నువ్వు చెప్పావు కాబట్టి అంది. రెండేళ్లకు నోరు విప్పావు, దానికి కూడా ఇంకొకడి నోరు కావలసి వచ్చిందా అంది. తిట్టినట్టు అనలేదు. మడిచిన చొక్కా నా చేతిలో పెట్టింది.

ఇన్నాళ్లూ రిమోట్‌ను తిట్టి పేజీలు నింపాను. అక్క పక్కన కూర్చోవడానికి మాత్రం నాకు ధైర్యం లేకపోయింది. ఇవాళ కూర్చున్నాను. ఇద్దరం కలిసి దుప్పట్లు మడతపెట్టాం.

మార్చి 1, శనివారం

ఉత్తరం మీద అక్క సంతకం పెట్టింది. మైక్రోస్కోప్ బల్లకే.

మార్చి 3, సోమవారం. ఉదయం 11

అక్క రమ్మంటే ల్యాబ్‌కు వెళ్లాను. పొద్దుటి నుంచి తొమ్మిది గాజు స్లైడ్లు చూసిందట. పదోదాన్ని పాత పెట్టెలోంచి తీసి పెట్టి, లేచి, తన స్టూల్ మీద నన్ను కూర్చోమంది. ఎవరిదో చెప్పలేదు. ఏం కనిపిస్తోందని అడిగింది. ఊదా రంగు గుండ్రాలు, నిండుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. ఎంత బాగుందక్కా అన్నాను.

ఆ రోజు తనూ అదే అందట. లేబుల్ మీది పేరు చూడకముందు. ఇంత స్పష్టమైనది ఎప్పుడూ చూడలేదు, రండి రండి అని పక్క బల్లల వాళ్లందరినీ పిలిచి చూపించిందట.

నేను కన్ను లెన్స్ మీంచి తీయలేదు.