పసుపు టోపీ

అమ్మాయ్,

షాపులో యూనిఫాంల పని మీద పడింది, కుట్టడానికి పరుగెడుతున్నాను. మీరు దీవికి బయల్దేరే వేళకి రాలేను. తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్ళండి. నీ పూల గౌను నడుము దగ్గర వదులు చేసి, ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టాను. అబ్బాయికి పడవ ప్రయాణం పడదు. ఎక్కేముందే మాత్ర వేయించు. వద్దంటాడు, వినకు. వద్దనడంలో వాడిది నా పోలికే.

ఆ రోజు నువ్వు "అత్తయ్యా, మీరూ రండి" అంటే, "నేనెందుకమ్మా మీ మధ్య" అన్నాను. ఇంకోసారి అడుగుతావనుకున్నాను. నువ్వు సరేనని ఫోన్ తీసి రెండు టికెట్లే బుక్ చేశావు. నీ తప్పేం లేదు. మీ పుట్టింట్లో వద్దంటే వద్దనే కాబోలు. అడగ్గానే ఔననడం నాకు చేతకాదు. అప్పట్నుంచీ నా నోటిని నేనే తిట్టుకుంటున్నాను.

అత్తయ్య

చెప్పడం మరిచాను. సంచిలో ఎండ టోపీలు రెండున్నాయి. నీలంది నీది. పసుపుది నీకు వదులవుతుంది. మీరిద్దరూ దీవి మాట అనుకుంటున్నప్పుడే నా తల కొలతకి కుట్టుకున్నాను. దాన్నీ తీసుకెళ్ళు. అదైనా సముద్రం చూసొస్తుంది.