కురుపాం గిన్నెలో సీసం

మార్చి 5, 2003. విభూది బుధవారం.

కొడుకు మోసెస్‌కి రాత్రి దగ్గు తగ్గిందా? తగ్గిందట. కోడలు కృపావతికి కాళ్ల వాపు ఎలా ఉంది? వాపే లేదట. పక్కింటి కనకకి నడుం నొప్పి? బాగుందని గోడ అవతల నుంచే అంది. మేకకి? మేస్తోంది. నా గుండె దడ సంగతి ఎవరూ అడగలేదు.

ఇలా రోజూ అందరినీ వరసగా అడగడం ఈ రోజుతో ఆఖరు. పూజలో ఫాదర్ నుదుట బూడిద రాస్తున్నప్పుడే నిర్ణయించుకున్నాను. తపస్సు కాలంలో కొందరు మాంసం మానేస్తారు, కొందరు చుట్ట మానేస్తారు. నేను దిగులు మానేస్తాను. ఈస్టరు దాకా.

దారి చూపించింది సుజానా. నా పెద్దకూతురి కూతురు, విశాఖలో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తోంది. మొన్న సెలవుకి వచ్చి చెప్పింది. ఫ్యాక్టరీ మురుగులో బతికే ఒక సూక్ష్మజీవి ఉందట, కంటికి ఆనదు. ఆ మురుగు నిండా సీసం. దాని ఒంటి గోడకి తలుపులుంటాయట, తలుపు తలుపుకీ ఒక ప్రొటీను కాపలా. సీసం లోపలికి చొరబడితే ఆ ప్రొటీను గంధకం ఉన్న చేతులతో గట్టిగా పట్టుకుంటుంది. ఒళ్లు మెలితిప్పి మొహం బయటికి పెడుతుంది. అక్కడ వదిలేసి ఖాళీ చేతులతో మళ్లీ లోపలికి తిరుగుతుంది. పనికొచ్చే ఇనుము జోలికి మాత్రం పోదు. విసిరిన ప్రతిసారీ కాస్త బలం ఖర్చు, అంతే.

మెదడు లేని పురుగుకే అంత చేతనైతే, మూడో తరగతి చదివిన నాకు చేతకాదా? దిగులు వస్తే పట్టుకుంటాను, గెంటేస్తాను. నోటితో అనకుండా ఇందులో రాసుకోమంది సుజానా.

వెళ్తూ వెళ్తూ ఇంకో మాట కూడా అంది. కళాయి పూసేవాళ్లు కొందరు తగరంలో సీసం కలుపుతారట. ఆ గిన్నెలో పులుపు వండితే సీసం దిగుతుందట. కడుపుతో ఉన్నవాళ్లకి, లోపలి బిడ్డకి మంచిది కాదట.

కృపావతికి ఐదో నెల. పెళ్లయిన ఏడేళ్లకి నిలిచిన కడుపు. పులుసు కాచేది వాళ్లమ్మ కురుపాం నుంచి పంపిన కళాయి గిన్నెలో.

అదిగో, వచ్చింది. పట్టుకున్నాను. గెంటేశాను. ఎంత హాయిగా ఉందో!

మార్చి 6

గిన్నె మాట కృపావతితో అనలేదు. గెలుపు.

మధ్యాహ్నం గిన్నె వైపు చూడలేదు. ఒక్కసారి చూశాను. చింతపండు తగ్గించమన్నాను, ధర పెరిగిందని. అది అబద్ధమే గానీ దిగులు కాదు.

పులుసు ఎప్పటిలా నేనే కలిపాను, నా పాత ఇత్తడి గరిటెతో. పిడి ఊడితే సంతలో టాంకం కరిగించి పోయించి అతికించుకున్నాను. అది చేతిలో ఉంటే నాకు ధైర్యం.

మార్చి 7, శుక్రవారం

సిలువ మార్గం అయ్యాక ఉపదేశి ఏసుదానం విన్నపాలు చెప్పమన్నాడు. మా గుడిలో ఎవరి కష్టం వాళ్లు లేచి పైకి చెప్పాలి, అందరూ కలిసి మొర పెడతారు. ఇంట్లో అననని మొక్కుకున్నాను గానీ దేవుడితో అననని అనలేదు. లేచాను. కురుపాం గిన్నెలో సీసం ఉన్నట్టుంది, మా కోడలి కడుపులో బిడ్డని కాపాడు ప్రభువా అన్నాను. జనం గట్టిగా మొర పెట్టారు. కృపావతి ఇంట్లోనే ఉండిపోయింది. ఎందుకు రాలేదో నేను అడగలేదు.

దిగులు పోయింది. బాగా నిద్ర పట్టింది.

మార్చి 11, సంత రోజు

దిగులు ఎక్కువగా ఉంది. సీసం ఎక్కువైతే ఆ సూక్ష్మజీవి తలుపులు పెంచుకుంటుందట. నేనూ పెంచాను. కనకకి చెప్పాను. ఉల్లిపాయలమ్మే ఆవిడకి చెప్పాను. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరికి చెప్పాను, వాళ్లది ఏ ఊరో తెలియదు. ఇంటికొచ్చి కృపావతి ముందు నోరు మూసుకున్నాను.

మొక్కు చెక్కుచెదరలేదు.

మార్చి 14, శుక్రవారం

నాకంటే ముందే ముగ్గురు లేచి మా గిన్నె గురించి మొర పెట్టారు. ఒకావిడ ‘కురుపాం వాళ్లు పంపిన విషపు గిన్నె’ అంది. అది నా మాట కాదు. కొంచెం కంగారు. గెంటేశాను.

మార్చి 16, ఆదివారం

పూజ అయ్యాక ఆడవాళ్లంతా కృపావతి చుట్టూ మూగారు. ఒకావిడ పొట్ట మీద చెయ్యి వేసి ఏడ్చింది. ఒకావిడ తీర్థజలం సీసా ఇచ్చింది. ఇంటికొచ్చాక కృపావతి గుమ్మంలోనే ఆగింది.

“అత్తా, మాయమ్మ నాకు ఇసపు గిన్నె పంపినాదని ఊరంతా సెప్పినావా?”

నేను దేవుడికి చెప్పానన్నాను.

“దేవుడికి సెప్తే సంతలో ఉల్లిపాయలదానికి ఎలాగ తెలిసినాది?”

మోసెస్ వైపు చూశాను. చెంబు కడుగుతున్నాడు. కడిగిన చెంబే.

మార్చి 17

గిన్నె తీసుకుని మొదటి బస్సుకి కురుపాం వెళ్లిపోయింది. బిడ్డ పుట్టేదాకా రానంది. పుట్టాక వస్తాననీ అనలేదు. మోసెస్ దిగబెట్టడానికి వెళ్లాడు.

ఉదయం: ఘాట్ రోడ్డు, బస్సు కుదుపులు. గెంటేశాను.
మధ్యాహ్నం: బస్సులు మారాలి, ఎండ. గెంటేశాను.
సాయంత్రం: పట్టుకున్నాను. వదల్లేదు.

మార్చి 19

మోసెస్ వచ్చాడు. అన్నం పెడితే తినకుండా అన్నాడు:

“నువ్వు పారేసినావమ్మా, కాదన్ను. గానీ గోడవతల పారేసినావు. అవతల నా పెళ్లాం ఉంది.”

సుజానా కూడా ఆ ముక్క చెప్పిందట. ఆ సూక్ష్మజీవి సీసాన్ని చంపదు, బయటికి నెడుతుంది, అంతే. సీసం ఆ మురుగులోనే ఉంటుంది, పక్కనున్నవాళ్ల ప్రాణానికి. నేను వినలేదు. అప్పుడు పాలు పొంగుతున్నాయి.

వాళ్లమ్మకి మాట రాకూడదని కృపావతే గిన్నె కళాయి గీకి పొట్లం కట్టి ఇచ్చిందట. మోసెస్ దాన్ని విశాఖ పంపాడు. వంటింట్లోకి వెళ్లి ఇంకో పొట్లం కూడా కట్టాడు. ఏమిటని అడిగితే, పులుపు తగిలేవన్నీ పంపమంది సుజానా అన్నాడు.

మార్చి 28

ఆదివారాలు తపస్సు లెక్కలోకి రావని ఫాదర్ ఎప్పుడో అన్నారు. అంటే ఆదివారం దిగులు పడొచ్చు.

మార్చి 30, ఆదివారం

రోజంతా పడ్డాను.

మార్చి 31

నిన్న మిగిలింది ఈ రోజు పడ్డాను. అది నిన్నటి లెక్కే.

ఏప్రిల్ 4

మేకకి ఎలా ఉంది? కనకకి? పాడేరు బస్సు కండక్టరు కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేదా? ఏసుదానం బక్కచిక్కాడు. మోసెస్ నాతో మాట్లాడడం లేదు. గొంతు నొప్పా?

మొక్కు సంగతి ఎవరూ అడగొద్దు.

ఏప్రిల్ 9

సుజానా ఊళ్లోని ఫోన్ బూత్‌కి ఫోన్ చేసి నన్ను పిలిపించింది.

“అమ్మమ్మా, గిన్నెలో ఏటీ నేదు. మంచి తగరం. సీసం నీ గరిటె టాంకంలో ఉంది.”

మోసెస్ కట్టిన రెండో పొట్లం ఆ గరిటె గీకిందన్నమాట. కృపావతి వచ్చిన ఏడేళ్లుగా ఈ ఇంట్లో ప్రతి పులుసూ కలిపింది ఆ గరిటే. ఇంకెవరినీ కలపనివ్వలేదు నేను. కృపావతికి రక్తపరీక్ష చేయించమంది సుజానా. నేను రిసీవరు పట్టుకునే బూత్‌లో నేల మీద కూర్చున్నాను. బూత్ నడిపే అతను మంచినీళ్లు ఇచ్చాడు. అతని ఆరోగ్యం అడగడం మర్చిపోయాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

విన్నపాలప్పుడు లేచాను. గిన్నె మంచిదే, వియ్యపురాలు మంచిదే, సీసం నా గరిటెలో ఉంది అన్నాను. అందరూ అలవాటు కొద్దీ మొర పెట్టారు. ఎవరూ వినలేదు.

ఏప్రిల్ 15, సంత రోజు

అందుకని చెప్పిన చోటల్లా మళ్లీ చెప్పాను. కనక నవ్వింది. ఉల్లిపాయలావిడ నమ్మలేదు, మొదట చెప్పిందే బాగుందంది. బస్సు దగ్గరి ఇద్దరూ ఎక్కడున్నారో దొరకలేదు. వాళ్ల ఊళ్లో ఇప్పటికీ గిన్నెలో విషమే ఉంది.

ఏప్రిల్ 17

కృపావతిని వాళ్లన్న విశాఖ తీసుకెళ్లి రక్తం చూపించాడట. భయం లేదట. ఇకముందు ఆ గరిటె తగలకూడదు, ఆకుకూరలు బాగా తినాలి అన్నారట. మోసెస్ ఈ మాట చెప్పి అన్నం తిన్నాడు.

గరిటె గుడ్డలో చుట్టి సుజానాకి పంపేశాను. గోడవతల పారేయలేదు.

ఏప్రిల్ 20, ఈస్టరు

మోసెస్ కురుపాం ఫోను చేశాడు. కృపావతి చెప్పిన మాట చెప్పినట్టే నాకు అప్పగించాడు: “అత్తని రమ్మను. నేను కాసిన పులుసు తినమను. గుడిలో మాత్రం నోరిప్పొద్దను.”

తపస్సు కాలం అయిపోయింది, నాది ఈ రోజు మళ్లీ మొదలు. ఈసారి గెంటడం లేదు. ఆ ప్రొటీను ముందు గట్టిగా పట్టుకుంటుంది, సీసమో ఇనుమో తేల్చుకుంటుంది, ఆ తరవాతే తలుపు వైపు తిరుగుతుంది. నేను పట్టుకోకుండానే విసిరాను. ఇకనుంచి పట్టుకుని కూర్చుంటాను.

అక్కడ ఎవరి ఆరోగ్యమూ అడగను. వియ్యపురాలి మోకాళ్లు అడగను. కృపావతి కాళ్ల వాపు చూస్తాను, అడగను. కడుపులో బిడ్డ కదులుతోందా అని ఒక్కటి అడుగుతాను. అది కూడా మెల్లగా, ఆమె ఒక్కదాన్నే.

ప్రయాణం ఏప్రిల్ 24, గురువారం, మొదటి బస్సు.