లుంగీలో చుట్టిన సూటు

కడప జైలు,
ఆదివారం.

నా రామేశ్వరికి ఈశ్వరయ్య ప్రేమతో రాసుకునేది.

ఈ ఉత్తరం జైలువాళ్ళ కంటబడకుండా, రేపు విడుదలయ్యే మౌలాలి చేత పంపుతున్నాను. చదివి పొయ్యిలో పెట్టు. దీనితోపాటు కాల్చాల్సింది ఇంకొకటి ఉంది. మన గడ్డివామిలో, దక్షిణం పక్క, చేయి పట్టేంత లోతున ఒక చుట్ట దాచాను. ఇన్ని వారాలూ నీకు చెప్పలేకపోయింది దాని గురించే.

ఆ పొద్దున చిలమకూరు దాటాక, పులివెందుల దారిలో మేం ముగ్గురం కాచుకున్నాం. ఎన్నికల్లో మనవాళ్ళు ఇద్దరు చచ్చిన నెల అది. "మనోళ్ళను చంపినోడు పొద్దుటూరు నుంచి ఎర్ర మోటారుబండి మీద వస్తాండాడు. లుంగీలో కొడవలి చుట్టి బండి పక్కన కట్టుకోనుంటాడు" అని మన వర్గం పెద్దాయన కబురు పంపాడు. ఎర్రబండి వచ్చింది. బండి పక్కన పొడుగ్గా లుంగీ చుట్ట ఉంది. మనవాళ్ళు వేటకొడవలి తీసుకుపోయేది అట్లాగే కదా, అనుమానమే రాలేదు. రాళ్ళు వేసి బండిని పడగొట్టాం. "నేను దర్జీనప్పా, కొట్టొద్దండప్పా" అంటూ అతను చుట్టను ఊడబీకి తలకు అడ్డం పెట్టుకున్నాడు. నా మొదటి వేటు దాని మీద పడింది. మెత్తగా దిగింది. లోపల ఇనుము లేదని నా చేతికి తెలిసిపోయింది రామేశ్వరీ. తెలిసి కూడా రెండో వేటు వేశాను. అతని కుడిచేతి నాలుగు వేళ్ళు రోడ్డు మీద పడ్డాయి.

అతని పేరు అలీ అహ్మద్. "పులివెందుల పెండ్లికొడుకు సూటప్పా అది. మడత పెడితే నలుగుతాదని చుట్టినా. రక్తంలో పడెయ్యొద్దండి" అన్నాడు, వేళ్ళు తెగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని. ఆ సూటును కాల్చెయ్యమని పెద్దాయన మనుషులు చెప్పారు గానీ నాకు చేతులు రాలేదు. వాళ్ళు అతని పక్కన ఒక కొడవలి పడేశారు. ఇప్పుడు అతనూ ముద్దాయే. ముందు అతనే కొడవలి ఎత్తాడని నేను కోర్టులో చెప్పాలి. చెబితే మన ఇంటి ఖర్చు పెద్దాయన చూసుకుంటాడు, నేనూ తొందరగా బయటపడతాను. సరేనన్నాను. నన్ను తిట్టుకో, కానీ ఆ సూటు కాల్చెయ్యి.

నీ ఈశ్వరయ్య


వీరపునాయునిపల్లె,
శుక్రవారం.

మామకు రామేశ్వరి రాసేది.

ఉత్తరం అందింది. పొయ్యిలో పెట్టలేదు. దీన్ని మౌలాలే ములాఖత్‌కు వచ్చి నీకు అందిస్తాడు. చుట్టను తీసి చాప మీద విప్పాను. పైన లుంగీకి ఒకే గాటు. లోపల కోటు, ప్యాంటు పరిస్తే ఆరు కోతలు, వరసగా, సమాన దూరంలో. ఒక్క వేటే చుట్లన్నిటిలోకీ దిగింది. లోపల కొడవలి ఉంటే ఇనుము అడ్డం తగిలి ఇట్లా తెగదు. ఆ కోతలు తప్ప గుడ్డ మీద ఒక్క ముడత లేదు మామా. అది చూసి ఏడ్చాను.

పొద్దుటూరు పోయి, బెయిలు మీద ఇంటికొచ్చిన అలీ అహ్మద్ తలుపు కొట్టాను. ఎవరి పెండ్లాన్నో చెప్పగానే ఆయన భార్య మెహరున్నీసా తలుపు వేయబోయింది. ఆయనే లోపలికి రమ్మన్నాడు. చుట్ట నా దగ్గరుందని చెప్పాను. "విప్పినావా తల్లీ? మళ్ళా చుట్టేటప్పుడు లోపలి అస్తరుగుడ్డ బయటికి రావాల, అప్పుడే నలగదు" అని ఎడమచేత్తో చేసి చూపించాడు. ఆ మనిషికి ఇంకా ఆ గుడ్డ మీదే బెంగ. నాకు తల ఎత్తడం చేతకాలేదు.

నిన్న పెద్దాయన మనిషి వచ్చి "ఆ మూట యాడుండాది?" అన్నాడు. "కాల్చేసినా" అన్నాను. వాళ్ళ బియ్యం బస్తా వాకిట్లోనే తిప్పి పంపాను.

సోమవారం నీ వాయిదాకు మా అన్న సుబ్బన్న బండి మీద జమ్మలమడుగు కోర్టుకు వస్తున్నాను. చుట్టను అదే లుంగీలో, ఆయన చూపినట్టే చుట్టి బండి పక్కన కట్టుకుంటాను. దారిలో చూసినవాళ్ళు కొడవలి అనుకుని తప్పుకుంటారో, నరుకుతారో తెలియదు. నాకు భయంగానే ఉంది. అయినా వస్తాను.

నువ్వు బోనులో ఉండగా జడ్జిగారి ముందు దాన్ని విప్పుతాను. మొదటి వేటుకే నీ చేతికి తెలిసిందని నీ నోటితో చెప్పు. చెబితే ఎన్నేళ్ళయినా నీకోసం కూర్చుంటాను. చెప్పకపోతే నీ ఉత్తరం నా రవికలోనే ఉంది, చదవమని ఇస్తాను.

రామేశ్వరి