ఒక వల, రెండు బావులు

మే 21

జర్నల్ నుంచి నా పేపర్ ప్రూఫ్ వచ్చింది. ఇరవై మూడు పేజీలు. పదకొండేళ్లుగా బావుల్లో వల దించుతున్నాను, కొత్త జాతి దొరకడం ఇదే మొదలు. జాతి పేరు పక్కన అచ్చులో నా ఇంటిపేరు. ఎవరిదో అనిపించింది.

ఎవరికైనా చూపిద్దామంటే చూపించడానికి ఏమీ లేదు. అర మిల్లీమీటరు కూడా ఉండదు. తెల్లగా ఉంటుంది, కళ్లుండవు. రొయ్యలకు దూరపు చుట్టం. దగ్గరి చుట్టాలు చాలావరకు సముద్రంలోనే ఉన్నాయి. ఇదొక్కటి మంథని దగ్గర లింగమూర్తి పొలం బావి అడుక్కి ఎలా చేరిందో తెలియదు. ఒక మగది, రెండు ఆడవి. పోయిన ఏడు ఫిబ్రవరిలో ఒకే రోజు దొరికాయి. తర్వాత మూడుసార్లు వెళ్లాను, ఒక్కటీ దొరకలేదు. రివ్యూయర్లు దాని మీదే గుచ్చి గుచ్చి అడిగి, చివరికి ఒప్పుకున్నారు.

జూన్ ఐదులోగా ప్రూఫ్ దిద్ది పంపాలి. స్లైడ్లు మ్యూజియానికి చేర్చాలి.

సాయంత్రం లింగమూర్తి ఫోన్. చెరువుల పూడిక తీస్తున్నరు మేడం, మట్టి మిర్గం కార్తె దాకనే దొరుకుతది, ఒక్క వాన పడ్డదంటే ట్రాక్టర్ దిగదు అన్నాడు. ఆ బావికి గోడ లేదు. ఏప్రిల్లో మేక పడి చచ్చిపోయింది. తమ్ముడి కూతురు దీపికకు నాలుగేళ్లు. ఇంటి గడపకూ బావికీ మధ్య ముప్పై అడుగులు. తమ్ముడు మల్లేష్ దుబాయి నుంచి రోజూ తిడుతున్నాడట, పురుగును సాదుతందుకు నా బిడ్డను చంపుతవా అని. అయినా లింగమూర్తి పూడ్చలేదు. ట్రాక్టర్ వాణ్ని రెండుసార్లు వాపస్ పంపాడు. దునియా మొత్తంల గీ బాయిల తప్ప ఏడ లేదని మీరే అంటిరి గద, ఎట్ల పూడుస్త అన్నాడు.

నేనే అన్నాను.

మే 22

జాతికి పెట్టిన పేరు లింగమూర్తి తల్లిది. భూమవ్వకు ఆ మాట చెప్పిన రోజు, ఊర్ల కుక్కకు గూడ ఎవరు నా పేరు పెట్టలే బిడ్డా, నువ్వు పురుగుకు పెట్టినవా అంది. కోపమొచ్చిందనుకున్నాను. మరునాడు ఇంటింటికీ తిరిగి చెప్పుకుందట.

మే 23, ఉదయం పదకొండు

కాలేజీకి సెలవులు. ల్యాబులో నేనూ ఫ్యానూ.

ఆడవాటిని కొత్త గాజు వయల్‌లోకి మార్చాను. పాత వయల్ అడుగున మిగిలిన మడ్డిని సింకులో పోయబోయి ఆగాను. ఎందుకాగానో చెప్పలేను. పెట్రి డిష్‌లో వంచి మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఇసుక. ఆకు పీచు. ఒక బంగారు ముక్క. ఆరు మూలలు, కత్తిరించినట్టు సమానంగా.

ఇసుకరేణువు ఇలా ఉండదు. ఏ జీవి పెంకూ ఇలా ఉండదు.

చమ్కీ.

మే 23, రెండున్నర

ముందు నా చీర చూసుకున్నాను. నూలుది. పోయిన ఏడు కట్టినదీ నూలుదే, నాకు మెరిసే చీరలు లేవు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఫిబ్రవరి రోజు మొదట దిగింది మంథనిలో కాదు, సుల్తానాబాద్‌లో. అక్కడ ఛాంద్‌పాషాకు టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, పెళ్లి స్టేజీ పరదాలు కిరాయికిస్తాడు. వెనక చేదబావి. పరదాలు ఆ గట్టు మీదే ఉతుకుతారు, ఉతికిన నీళ్లు సగం బావిలోకే జారతాయి.

ఆ బావి వయల్ తెరిచాను. డిష్ నిండా మెరుపు. లింగమూర్తి బావి నుంచి తర్వాత మూడుసార్లు తెచ్చిన వయల్స్ తెరిచాను. ఒక్క చమ్కీ లేదు.

అంటే ఆ రోజు సుల్తానాబాద్ బావి నీళ్లు నా వలలో మంథని దాకా వచ్చాయి. చమ్కీ వచ్చినప్పుడు ఆ మూడు జీవులూ ఎందుకు రాకూడదు?

ఒక బావి నుంచి ఇంకో బావికి పోయేముందు వల మూడుసార్లు కడగాలి. ఫస్టియర్ పిల్లలకు ఈ పాఠం చెప్పేది నేనే.

మే 24

ఫీల్డ్ నోట్‌బుక్ తీశాను. 'వల కడిగితినా' అన్న చోట టిక్ ఉంది. కాసేపు ప్రాణం కుదుటపడింది. తర్వాత ఆ పేజీని కిటికీ వెలుగులో పట్టి చూశాను. ఏడు టిక్కులు. ఏడూ ఒకే వాలు, ఒకే నొక్కు. బస్సులో సీటు దొరికాక వరసగా పెట్టినవి.

నేను టిక్కులు పెట్టే మనిషిని. పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు.

కడిగినట్టు గుర్తుందా? ఛాంద్‌పాషా ఇచ్చిన షర్బత్ గుర్తుంది. మంథని బస్సు హారన్, నేను పరుగెత్తడం గుర్తున్నాయి. ఒళ్లో పెట్టుకున్న సంచి అడుగు తడిసి కుచ్చిళ్లకు చల్లగా తగలడం గుర్తుంది. అది కడిగిన వల తడా, కడగని వల తడా?

మే 25

కైలాసం సార్‌కు ఫోన్ చేశాను. నా పీహెచ్‌డీ గైడ్, ఈ పేపర్‌లో రెండో పేరు ఆయనదే. రిటైరై హనుమకొండలో ఉంటున్నారు. అంతా విని నవ్వారు. జమునా, నీకంటె ముందు నీ అనుమానం పుట్టింది, నువ్వు దాని తోక పట్టుకొని వచ్చినవ్ అన్నారు. చమ్కీ గాలిల వస్తది, పెండ్లిళ్ల సీజన్ల అన్నంల గూడ వస్తది అన్నారు. ఇన్ని నెలలు రివ్యూయర్లతోని కొట్లాడి ఇప్పుడు నీ మీద నువ్వే కేసు పెట్టుకుంటవా, సంతకం పెట్టి పంపు అన్నారు.

పంపొచ్చు. ఎవరికీ తెలియదు. గోడ లేని ఆ బావి మాత్రం తెరిచే ఉంటుంది, నా సంతకం మీద.

మే 26

లింగమూర్తి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

మే 28

సుల్తానాబాద్. ఛాంద్‌పాషా కుర్చీ తుడిచి, జర కూసోండి మేడం, ఎండల గిట్ల తిరిగితె మీరే పురుగు లెక్క ఎండిపోతరు అన్నాడు. ఆయన భార్య కుబ్రా లోపలి నుంచి మంచినీళ్లు పంపింది. సంగతి సగమే చెప్పాను. పన్నెండుసార్లు వల దించాను. దించిన ప్రతిసారీ గట్టు మీద నిలబడి తొంగి చూశాడు. దొరికినయా, ఎన్ని దొరికినయి, ఒక్కటన్న నవ్విందా? ఫికర్ చెయ్యకుండ్రి, మా బాయిల ఉన్నదని తేలితె దానికి గూడ ఒక షామియానా ఏసిస్త, ఫ్రీ అన్నాడు.

నవ్వాను. లోపల మొక్కుకుంటున్నాను, ఇక్కడ దొరకొద్దు అని. జీవితమంతా బావుల్లో ఏదో ఒకటి దొరకాలని మొక్కిన దాన్ని.

మే 29, మధ్యాహ్నం

నాలుగో డిష్‌లో మగది. ఐదో కాలు విప్పి చూశాను. పేపర్‌లో నేను గీసిన బొమ్మలో ఉన్నట్టే ఉంది. ముళ్ల లెక్క కూడా అదే. ఏడో డిష్‌లో ఇంకో మగది. తొమ్మిదిలో గుడ్ల సంచీతో ఆడది. చుట్టూ చమ్కీ.

సంతోషించాల్సిన విషయం. కొత్త జాతి నిజమే అని తేలింది, ఒకే ఒక మగదాని అవిటితనం కాదు. రివ్యూయర్లు అడిగింది ఇదే. కానీ ఇది లింగమూర్తి బావి కాదు.

మే 30

లింగమూర్తికి చెప్పాలి.

మే 31

చెప్పలేదు. ఎడిటర్‌కు మాత్రం రాశాను, లొకాలిటీ మీద, అది దొరికిన చోటు మీద సందేహం ఉంది, కొంచెం గడువు కావాలని. జూన్ ఎనిమిది దాకా ఇచ్చారు. చిత్రం, ఇక్కడ మిర్గం, అదే మృగశిర కార్తె, కూడా ఆ రోజే.

ఎడిటర్ ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఆయనకు చెప్పడం తేలికైంది.

జూన్ 1

లింగమూర్తి వాయిస్ మెసేజ్. మేడం, మంచిగున్నరా, ఫోన్ ఎత్తుతలేరు, పానం బాగలేదా ఏంది? ట్రాక్టరాయన ఆఖరుసారి అడుగుతుండు. మీరొక్క మాట జెప్పుండ్రి, వద్దంటె వద్దంట. వెనక దీపిక ఏదో పాట పాడుతోంది.

ఆరుసార్లు విన్నాను.

జూన్ 3

పొద్దున ఎనిమిదికల్లా లింగమూర్తి ఇంటి దగ్గరున్నాను. బావికీ ఇంటికీ మధ్య ఎండలో నులక మంచం, తల మీద తడి తువ్వాలతో భూమవ్వ. నీడకు జరుగు అవ్వా అన్నాను. జరిగితె ఎట్ల బిడ్డా, పోరి ఇటే ఉరుకుతది, ఏడాది సంది గీ బాయికి గోడను నేనే అంది. తమాషాగానే అంది. ఆమె మోకాళ్ల మీద నల్లగా కమిలిన చర్మం చూశాను.

ఆ తర్వాత మూడుసార్లు వచ్చిపోయాను. ఆ మంచం అక్కడే ఉంది. గాలి కోసం వేసుకుందని అనుకున్నాను.

చెప్పేశాను. వల సంగతి, చమ్కీ సంగతి, సుల్తానాబాద్‌లో దొరికినవి, నేను ఫోన్ ఎందుకు ఎత్తలేదో, అంతా. లింగమూర్తి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, ఐతే మా బాయిది కాదా అన్నాడు. కాదని చెప్పలేను, రెండింట్లోనూ ఉండొచ్చు, నేల కింద నీళ్లకు సరిహద్దులు మనం గీయలేం అన్నాను. ఔననీ అనరు, కాదనీ అనరు, గింత చదివి గదేంది మేడం అన్నాడు. తిట్టినా బాగుండేది.

భూమవ్వే నవ్వింది. నా పేరు పెట్టుకొని పాషా ఇంట్ల కూసున్నదా, మంచిదే, ఆడనన్న పెండ్లి బువ్వ తింటది అంది.

పదిసార్లు వల దించాను. ఈసారి వల నాలుగుసార్లు కడిగాను. భూమవ్వ చూస్తుండగా కడిగాను.

జూన్ 5

పది డిష్‌లు. రెండేసిసార్లు చూశాను. ఏమీ లేవు.

లింగమూర్తికి ఫోన్ చేసి చెప్పాను. ఎల్లుండి ఆఖరు ట్రాక్టర్, మీరు రండ్రి, మీ కండ్ల ముంగటనే చూద్దాం అన్నాడు.

జూన్ 7, సాయంత్రం ఆరు, బస్సులో

రోడ్డు గతుకులకు అక్షరాలు వంకర పోతున్నాయి.

నేను వెళ్లేసరికి నిండు ట్రాలీని వెనక్కి తిప్పి బావి అంచున ఆపి ఉంచారు. ఇంజన్ ఆపలేదు. డ్రైవర్ నా వలను చూసి, చేపలు వడ్తున్నరా మేడం, పులుసుకు సాలుతయా అన్నాడు. లింగమూర్తి వాడి మీద కసిరాడు.

అద్దంతో ఎండను పట్టే పాత మైక్రోస్కోప్ తీసుకెళ్లాను. మోటార్ గది మెట్టు మీద పెట్టుకుని, దించిన వల దించినట్టే డిష్‌లో వంచి, నీళ్లు వేడెక్కకముందే చూశాను. ఒకటి. రెండు. మూడు. చెమట కంటిలోకి కారుతోంది. తెల్లగా ఏదో కదిలినప్పుడల్లా ఫోకస్ తిప్పాను. ప్రతిసారీ నీటి బుడగే. దీపిక నా భుజం మీద వాలి, ఏమున్నది, నాకు జూపియ్యి అంటోంది. భూమవ్వ మంచం మీంచే పోరిని పిలుస్తోంది. నాలుగు. ఐదు. మల్లేష్ వీడియో కాల్‌లో ఉన్నాడు, ఎవరి చేతిలోనో ఫోన్, అక్కడి నుంచే, అయిపోయిందా లేదా అని అరుస్తున్నాడు.

ఆరు. లేదు.

లింగమూర్తి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇంజన్ చప్పుడులో వినబడాలని చెవి దగ్గరికి వచ్చాడు. ఉన్నదా లేదా, ఒక్క మాట జెప్పుండ్రి మేడం, ఉన్నదంటె ట్రాక్టర్‌ను గిప్పుడే వాపస్ పంపుత, తమ్ముడు నాతోని మాట్లాడకుంటె మాట్లాడకపాయె అన్నాడు.

మళ్లీ అదే నమ్మకం. వల సంగతి తెలిశాక కూడా.

పదహారుసార్లు వల దించితే దొరకనిది పదిహేడోసారి దొరకొచ్చు. నలభై అడుగుల బావి, దాని కింద రాతి పగుళ్లు, ఆ పగుళ్లలో ఎంత చీకటి ఉందో నాకు తెలియదు. నేను అనాల్సింది 'నాకు కనబడలేదు' అని. అదొక్కటే నాకు తెలిసిన నిజం. ఆ మాట అన్నానంటే అతను పూడ్చడు. కనబడలే అంటె ఉండొచ్చన్నట్టే గద అంటాడు. ట్రాక్టర్ వెళ్లిపోతుంది. వాన పడుతుంది. భూమవ్వ మంచం ఇంకో ఏడు అక్కడే ఉంటుంది, లేదా ఒకరోజు ఉండదు.

లేదు అన్నాను.

పక్కానా అన్నాడు.

పక్కా. లేదు.

లేచి చెయ్యి ఊపాడు. ట్రాలీ పైకి లేచింది. మట్టి నీళ్లలో పడినప్పుడు నేననుకున్నంత పెద్ద చప్పుడు రాలేదు. మెత్తగా, లోపలెవరో దగ్గినట్టు వచ్చింది. దీపిక చప్పట్లు కొట్టింది. ట్రిప్పు మీద ట్రిప్పు పడ్డాక నీళ్లు పైకి తేలి, తర్వాత కనబడలేదు.

బయల్దేరేటప్పుడు భూమవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఉంటె గింటె, మట్టిల ఊపిరాడుతదా బిడ్డా వాటికి అని అడిగింది. లేవు కదా అవ్వా అన్నాను. ఆహాఁ, లేవు లేవు అంది.

జూన్ 8

ప్రూఫ్ పంపాను. దొరికిన చోటు సుల్తానాబాద్ బావిగా మార్చాను, హోలోటైప్, అంటే జాతికి ఆధారంగా పెట్టిన మొదటి మగది, ఆ రోజు రెండింట్లో ఏ బావిదో తేలలేదని, వల కడిగినట్టు నమ్మకం లేదని రాశాను. పేరు మార్చలేదు. కైలాసం సార్, నీ ఇష్టం, స్పెల్లింగులన్న సక్కగ చూడు అన్నారు. తన పేరు తీసేయమని మాత్రం అనలేదు.

రెండో బావి గురించి ఒక వాక్యం కలిపాను. జూన్‌లో పదహారుసార్లు వల దించాం, కనబడలేదు, ఇప్పుడు ఆ బావి పూడ్చబడింది. కనబడలేదు అనే రాశాను. పేపర్‌కు సరైన మాట చెప్పాను.

జూన్ 12

వాన. లింగమూర్తి ఫోటో పంపాడు. మట్టి కొంచెం దిగినట్టుంది. బావి ఉన్న చోట గుండ్రంగా, జానెడు లోతున నీళ్లు నిలిచాయి. పక్కన మంచం లేదు.

వేళ్లతో పెద్దది చేసి నీళ్లను చూస్తున్నాను.