నలభై ఒకటో బిందె

గౌరవనీయులైన ఆరోగ్యాధికారి గారికి నమస్కారం.

ఈ ఉదయం కుళాయి దగ్గర మా నాయనమ్మ జడ వెనకావిడ బిందెలో మునిగింది. అంత దగ్గరగా నిలబడుతున్నాం. మా సందులో నలభై ఒక్క గుడిసెలకు ఒకటే కుళాయి. నీళ్లు పదింటికి వచ్చి పదకొండుకు పోతాయి. ఆ వేళకు నేను పనిలో ఉంటాను కనుక లైన్లో నాయనమ్మే నిలబడాలి. ఆమెకు ఉబ్బసం. ఊళ్లో తిరుగుతున్న ఈ అంటుజబ్బు సోకితే తట్టుకోలేదు. దయచేసి రెండో కుళాయి ఇప్పించండి.

ఇట్లు,
నలభై ఒకటో ఇంటి మనవరాలు

తా.క.: చేతులు బాగా కడుక్కోమన్న మీ కరపత్రం అందింది. నీళ్లే అందలేదు.

*

నలభై ఒకటో ఇంటి అమ్మాయికి,

గుంపు గురించి మీ ఫిర్యాదు చూశాను. ఇంటికొకటి చొప్పున, ఆరడుగుల ఎడంతో, నేల మీద తెల్ల సున్నాలు గీయిస్తున్నాం. సున్నాలో నిలబడనివారికి నీళ్లు లేవు.

ఆరోగ్యాధికారి

తా.క.: ఎడంగా నిలబడితే నీళ్లేమీ చేదెక్కవు.

*

అయ్యా, నమస్కారం.

మా సందులో పదహారు సున్నాలే పట్టాయి. "నలభై ఒకటి గీయమన్నారు, గీస్తా. సందు సాగదీయడం నా పని కాదు" అన్నాడు రంగులాయన. మందుల షాపు ముందు ఏడు, బస్టాపులో ఎనిమిది, మీ ఆఫీసు ఆవరణలో తొమ్మిది గీశాడు. మిగిలిన నలభై ఒకటోది మీ గది గుమ్మంలో ఉంది. అది మాది. నాయనమ్మ కుళాయి చేరేసరికి నీళ్లు పోతున్నాయి. మూడు రోజులైంది.

మీ విధేయురాలు

తా.క.: మన అర్జీకి సున్నా చుట్టారని వింటాం గానీ, నలభై ఒకటి చుట్టడం ఇప్పుడే చూశానని నాయనమ్మ అంది.

*

అమ్మాయికి,

నా గుమ్మంలో ధర్నా ఏమిటి? నిన్న ఆ ముసలావిడ, "నాయనా, పదకొండుకొచ్చి ఒంటిగంటకి అన్నానికి లేస్తావు, మధ్యలో ఏం చేస్తావు?" అని అందరి ముందూ అడిగింది. ఇకపై మనుషులు రావద్దు. సున్నాల్లో బిందెలు మాత్రమే పెట్టండి.

ఆరోగ్యాధికారి

తా.క.: మధ్యలో నేను ఉత్తరాలు రాస్తాను. ఆవిడకు చెప్పండి.

*

అయ్యా,

చెప్పాను. బిందెలు ఎడం చక్కగా పాటిస్తున్నాయి. వాటిని ఎవరూ జరపకుండా కాపలా కాయడానికి మనుషులంతా బస్టాపు నీడలో భుజాలు రాసుకుంటూ నిలబడుతున్నారు. నాయనమ్మ మధ్యలో ఉంది. ముందు రెండో కుళాయి అడిగాను. ఇప్పుడూ అదే అడుగుతున్నాను.

ఇట్లు,
అలసిపోయిన విధేయురాలు

*

అమ్మాయికి,

మా ఇన్‌స్పెక్టర్ వచ్చి చూశాడు. లైన్లో మనుషులు: సున్నా. మీది ఆదర్శ వీధిగా నమోదైంది. గుంపే లేదు కనుక కుళాయి అర్జీ మూసేశాం.

ఆరోగ్యాధికారి

తా.క.: నిన్న నేనొచ్చేసరికి మా ఆవరణలోని పది బిందెలూ నిండి ఉన్నాయి. ఆఫీసు కుళాయికి రెండేళ్లుగా తాళం ఉంది. తీసిందెవరు? రాతపూర్వకంగా వివరణ కావాలి.

*

అయ్యా, నమస్కారం.

ఇరవైమంది సందు కుళాయికి, ఇరవై ఒక్కమంది ఆఫీసు కుళాయికి వెళ్తున్నారు. ఎవరి భుజమూ ఎవరికీ తగలడం లేదు. నాయనమ్మ నిన్న రెండుసార్లు చేతులు కడుక్కుంది, రెండోసారి ఊరికే. ఆ కుళాయి మూస్తే ఆమె మళ్లీ మీ గుమ్మంలోనే నిలబడాలి. అడగాల్సినవి ఇంకా ఉన్నాయంటోంది.

మీ విధేయురాలు

తా.క.: వివరణ అడిగారు. ఎదురుగా మాట్లాడటం నాకు చేతకాదు, అందుకే రాస్తున్నాను. మీ గది బయట రెండో బల్ల నాది. ఆఫీసు తాళాలు నా సొరుగులో ఉంటాయి.